కోక్‌ను వెనక్కి పంపిన కొట్టు, దాని షేర్ ధర

(డాలస్ దగ్గర తెలుగువాళ్లం కొందరం నెలకోసారి కలిసి పెట్టుబడుల గురించి మాట్లాడుకుంటాం. 2025 అక్టోబర్‌లో కాస్ట్‌కో గురించి, అంటే సభ్యత్వ కార్డు ఉంటేనే సరుకు అమ్మే అమెరికా హోల్‌సేల్ కొట్ల కంపెనీ గురించి జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? సరే. నిన్న శనివారం కదా, మీలో ఎంతమంది కాస్ట్‌కోకి వెళ్లారు? చేతులెత్తండి. అబ్బో, సగం పైనే. కాస్ట్‌కో షేర్లు ఉన్నవాళ్లు? పది పన్నెండు మంది. ఇంకొక్క ప్రశ్న. ఆ షేర్ కొనే ముందు, ఇది పదేళ్లలో నాకు ఎంత తెస్తుందని కాగితం మీద లెక్క వేసుకుని కొన్నవాళ్లు? ఒక్కరు. మీరు కూడా చెయ్యి సగమే ఎత్తారు సార్.

తప్పుపట్టడం లేదండీ. అవకాడో సంచి చేతిలో పట్టుకుని ఇండియన్ స్టోర్‌లో ఎంత, ఇక్కడ ఎంత అని అయిదు నిమిషాలు ఆలోచిస్తాం. అదే మనం రాత్రి పదింటికి ఫోన్ తీసి తొమ్మిది వందల డాలర్లు పెట్టి ఒక్క షేర్ కొనడానికి అర నిమిషం కూడా తీసుకోం. ఎందుకంటే ఆ కొట్టు మనకు తెలుసు కదా, మంచి కొట్టు కదా. ఈ రోజు నా మాటంతా ఆ "కదా" గురించే.

ముందే చెప్పేస్తున్నాను, నేను పెట్టుబడి సలహాదారుని కాదు. అకౌంట్స్ మనిషిని. పాతికేళ్లు లెక్కలు చూసి రిటైర్ అయ్యాను. ఇవాళ నా దగ్గర కాస్ట్‌కో షేర్ ఒక్కటి కూడా లేదు. ఎందుకు లేదో తర్వాత చెప్తాను, అది కాస్త సిగ్గుపడే కథ.

మా నాన్నగారిది తెనాలిలో కిరాణా హోల్‌సేల్ కొట్టు. నూనె డబ్బాలు, బెల్లం దిమ్మలు, కందిపప్పు బస్తాలు. చుట్టుపక్కల ఊళ్ల చిల్లర కొట్లవాళ్లు వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. నూనె మిల్లువాళ్లు పదిహేను రోజులు అరువిచ్చేవాళ్లు. నాన్నగారి పట్టుదల ఏమిటంటే, డబ్బాలు పన్నెండో రోజుకల్లా కొట్టు దాటిపోవాలి. పొట్లాలు కట్టే కాగితం ముక్క తీసి, పెన్సిల్‌తో రోజులు గీతలు గీసి నాకు చూపించేవారు. "ఈ మూడు గీతలు చూశావా? ఈ మూడు రోజులూ మిల్లువాడి డబ్బు మన గల్లాలో ఉంటుంది" అని. నాకప్పుడు పదేళ్లు. అర్థం కాలేదు. ఇక్కడికొచ్చి కాస్ట్‌కో బ్యాలెన్స్ షీట్ మొదటిసారి చదివినప్పుడు అర్థమైంది.

2024 ఆర్థిక సంవత్సరం చివర కాస్ట్‌కో దగ్గరున్న సరుకు విలువ 18.6 బిలియన్ డాలర్లు. సరుకు ఇచ్చినవాళ్లకు కట్టాల్సిన బాకీ 19.4 బిలియన్లు. అంటే ఏమిటి? అన్ని గోడౌన్లలో పైకప్పు దాకా పేర్చిన సరుకంతా వేరేవాళ్ల డబ్బే. ఆ పైన ఇంకొంచెం. నాన్నగారి మూడు గీతలే ఇవి, అంకె పక్కన సున్నాలు ఎక్కువ, అంతే.

ఇదెలా కుదిరింది? సరుకు నిలవ ఉండదు కాబట్టి. మామూలు సూపర్ మార్కెట్‌లో ముప్పై వేల రకాలుంటాయి. ఇక్కడ నాలుగు వేలు కూడా ఉండవు. కెచప్ రెండు రకాలు, తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదు. ఈ ఆలోచన కాస్ట్‌కోది కూడా కాదు. సోల్ ప్రైస్ అనే ఆయన 1976లో శాన్ డియాగోలో, ఒక పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్ పెట్టాడు. డబ్బు కట్టి కార్డు తీసుకుంటేనే లోపలికి రానిచ్చేవాళ్లు. ఆయన దగ్గర పని నేర్చుకున్న జిమ్ సినెగల్, జెఫ్ బ్రాట్‌మన్‌తో కలిసి 1983లో సియాటెల్‌లో కాస్ట్‌కో తెరిచాడు. అదే ఏడాది వాల్‌మార్ట్ వాళ్ల శామ్స్ క్లబ్, మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లో బీజేస్. 1993లో గురువు కొట్టూ శిష్యుడి కొట్టూ కలిసిపోయాయి. చరిత్ర ఇంత చాలు.

ఇప్పుడు మీ నిన్నటి బిల్లు తీయండి. ఉందా? పర్సులో ఉంటుంది, చూడండి. బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర మార్కర్‌తో గీత గీశారే, అది. ఆ బిల్లు వంద డాలర్లనుకుందాం. అందులో 89 డాలర్లు సరుకు ఖరీదుకే పోయాయి. జీతాలు, కరెంటు, మిగతా ఖర్చులు ఇంకో తొమ్మిది డాలర్ల చిల్లర. మిగిలింది రెండు డాలర్ల లోపు. పన్ను ఇంకా కట్టలేదు! వంద డాలర్ల బేరానికి రెండు డాలర్లు కూడా మిగలని వ్యాపారం ఎవరైనా చేస్తారా? మా నాన్నగారైతే నవ్వేవారు.

కానీ మీరు ఏడాది మొదట్లో సభ్యత్వ కార్డుకి 65 డాలర్లో 130 డాలర్లో కట్టారు చూడండి, దాన్ని ఈ అమ్మకాల మీద పరిస్తే వందకి ఇంకో రెండు డాలర్లు. దానికి సరుకు కొనక్కర్లేదు, మోయక్కర్లేదు, కుళ్లిపోదు. మొన్న ముగిసిన 2025 ఆర్థిక సంవత్సరంలో సభ్యత్వ రుసుమే 5.3 బిలియన్ డాలర్లు. మొత్తం వ్యాపారం మీద నిర్వహణ లాభం, అంటే వడ్డీ, పన్నుల లెక్కకు ముందు లాభం, 10.4 బిలియన్లు. సగం! అంటే పాలు, చికెన్, టైర్లు, బంగారం బిస్కెట్లు... బంగారం అనగానే అక్కడ మొదటి వరసలో ముగ్గురు తలెత్తారు, చూశాను... ఇవన్నీ అమ్మితే వచ్చింది సగం, తలుపు తీసినందుకు వచ్చింది సగం.

అందుకే ఈ కంపెనీని చూసేటప్పుడు నేను అమ్మకాల అంకె కంటే ముందు రెన్యూవల్ అంకె చూస్తాను. కార్డు గడువు తీరినవాళ్లలో ఎంతమంది మళ్లీ కట్టారు? అమెరికా, కెనడాల్లో 92.3 శాతం. ప్రపంచం మొత్తం మీద 89.8. వందమందిలో తొంభైమంది అడక్కుండానే మళ్లీ డబ్బులు కట్టే వ్యాపారాలు ఎన్నున్నాయి చెప్పండి? అయితే ఒకటి గమనించండి. ఏడాది క్రితం అదే అంకెలు 92.9, 90.5. కొంచెం తగ్గింది. ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి చేరినవాళ్లు అంతగా నిలవడం లేదని కంపెనీయే చెప్తోంది. నేనైతే దీన్ని చూసి కంగారుపడను. కానీ వచ్చే రెండేళ్లు ఈ అంకె మీద ఒక కన్నేసి ఉంచుతాను.

రుసుము పెంచడం కూడా చూడండి. 2011లో పెంచారు, 2017లో పెంచారు, ఆ తర్వాత 2024 సెప్టెంబర్ దాకా పెంచలేదు. పెంచినా 60 నుంచి 65. మీలో ఎవరైనా ఈ అయిదు డాలర్ల కోసం కార్డు మానేశారా? లేదు. పెంచగలిగి కూడా పెంచకుండా ఆగారు. ఈ ఆగడమే వాళ్ల బలం. బయటి బ్రాండ్ సరుకు మీద 14 శాతం, సొంత కర్క్‌లాండ్ సరుకు మీద 15 శాతం, అంతకు మించి వేయకూడదని వాళ్లకి వాళ్లే పెట్టుకున్న కట్టుబాటు. హాట్ డాగ్, సోడా కలిపి డాలరున్నర, నలభై ఏళ్లుగా.

*కొనేవాడి కళ్లతో*

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. 2009 నవంబర్‌లో కాస్ట్‌కో కోకాకోలా అమ్మడం ఆపేసింది. కోక్ అడిగిన ధర మా సభ్యులకు గిట్టుబాటు కాదు, కాబట్టి పెట్టం అంది. మామూలు సరుకా అది? కోక్! ప్రపంచంలో అందరికీ తెలిసిన సరుకు. రుచి బాగాలేదని కాదు, జనం అడగడం లేదని కాదు. ధర కుదరలేదు. అంతే. డిసెంబర్‌లో బేరం తెగింది, కోక్ మళ్లీ వచ్చింది.

ఆ రోజు కోక్ వద్దన్నవాళ్లకి కోక్ మంచి సరుకని తెలీదా? తెలుసు. మంచి సరుకా అన్నది ఒక ప్రశ్న, ఈ ధరకా అన్నది వేరే ప్రశ్న అనీ తెలుసు. మరి ఆ మనిషినే, ఆ కొనుగోలు విభాగం మనిషినే కూర్చోబెట్టి, "ఇదిగో నాయనా, కాస్ట్‌కో షేర్. తొమ్మిది వందల డాలర్లు. కొంటావా?" అని అడిగితే ఏమంటాడు?

లెక్క వేద్దాం. భయపడకండి, ఎక్కాలు వస్తే చాలు. 2025 ఆర్థిక సంవత్సరంలో ఒక్కో షేర్‌కి లాభం 18 డాలర్ల 21 సెంట్లు. షేర్ ధర రోజూ మారుతుంది, సులువుగా ఉంటుందని 900 అనుకుందాం. 900 ని 18తో భాగిస్తే యాభై. దీన్నే పీఈ అంటారు. ఏడాది లాభానికి యాభై రెట్లు పెట్టి కొంటున్నాం.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి పొలం లెక్కలో చెప్తాను. యాభై లక్షలు పెట్టి ఒక ఎకరం కొన్నారు. ఏడాదికి లక్ష కౌలు వస్తోంది. ఎంతొచ్చినట్టు? రెండు శాతం. బ్యాంకులో వేస్తే అంతకంటే ఎక్కువ వస్తుంది. అయినా కొంటాం, ఎందుకు? కౌలు పెరుగుతుందని, లేకపోతే రేపు ఇంకెవరో అరవై లక్షలిస్తారని. ఇక్కడా అంతే. అమెరికా ప్రభుత్వ పదేళ్ల బాండు నాలుగు శాతం ఇస్తోంది, ఏ రిస్కూ లేకుండా. కాస్ట్‌కో లాభం రెండు శాతం. ఆ తేడా పూడ్చాల్సింది పెరుగుదలే.

ఎంత పెరగాలి? గడిచిన పదేళ్లు చూద్దాం. 2015లో షేర్‌కి లాభం 5 డాలర్ల 37 సెంట్లు. ఇప్పుడు 18.21. అంటే 3.4 రెట్లు. ఏడాదికి పదమూడు శాతం. ఇంత పెద్ద కొట్టుకి అది గొప్ప పెరుగుదల, సందేహం లేదు. మరి షేర్ ధర? 2015 ఆగస్టు చివర 140 దగ్గర ఉంది. ఈ ఆగస్టు చివర 940 దగ్గర ఉంది. ఎన్ని రెట్లు? 6.7. లాభం మూడున్నర రెట్లు పెరిగితే ధర ఏడు రెట్లకు దగ్గరగా ఎలా పెరిగింది? మిగతా రెండు రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? పదేళ్ల క్రితం జనం లాభానికి 26 రెట్లు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు 50 చిల్లర ఇస్తున్నారు. సగం కొట్టు సంపాదించింది, సగం మన మనసు మారి వచ్చింది. కొట్టు సంపాదించింది మళ్లీ సంపాదిస్తుంది. మనసు మళ్లీ రెట్టింపు మారుతుందా? యాభై నుంచి వందకి?

సరే, ముందుకు చూద్దాం. వచ్చే పదేళ్లు లాభం ఏడాదికి తొమ్మిది శాతం పెరిగిందనుకోండి. ఎందుకు తొమ్మిది? ఏటా పాతిక ముప్పై కొత్త కొట్లు, ఉన్నవి తొమ్మిది వందల పైన, అంటే మూడు శాతం. పాత కొట్లలో అమ్మకాలు ఇంకో అయిదారు. తొమ్మిది సబబే. పదేళ్లకు షేర్‌కి లాభం 43 డాలర్లు అవుతుంది. అప్పుడు కూడా జనం యాభై రెట్లే ఇస్తే ధర 2,150. మీకు ఏడాదికి తొమ్మిది శాతం, బ్రహ్మాండం. 35 రెట్లు ఇస్తే ధర 1,500 దగ్గర, మీకు అయిదు శాతం చిల్లర. పదేళ్ల క్రితంలా ఓ పాతిక రెట్లకు దిగితే? 1,080. తొమ్మిది వందలు పెట్టి పదేళ్లు కాచుకుంటే నూట ఎనభై డాలర్లు. ఏడాదికి రెండు శాతం కూడా కాదు. కొట్టు ఒక్క రోజు కూడా తప్పు చేయలేదు గుర్తుపెట్టుకోండి! లాభం రెండింతలు దాటింది. రెన్యూవల్ తొంభై ఉంది. హాట్ డాగ్ డాలరున్నరే. అయినా మీ చేతికి వచ్చింది అదీ.

డివిడెండ్, అదే కంపెనీ షేర్ ఉన్నవాళ్లకి పంచే డబ్బు, మర్చిపోయారంటారా? మర్చిపోలేదు. మామూలు డివిడెండ్ ఏడాదికి 5 డాలర్ల 20 సెంట్లు, అర శాతం పైచిలుకు. అప్పుడప్పుడూ కొసరు వేస్తారు. 2012, 2015, 2017, 2020, 2024. ఆఖరుసారి షేర్‌కి పదిహేను డాలర్లు. కొసరు బాగానే ఉంటుంది. కానీ కొసరు చూసి బేరం చేయం కదా.

ఇది కాగితం మీద భయమే అనుకునేవాళ్లకి రెండు జరిగిన సంగతులు. వాల్‌మార్ట్ షేర్ 1999 చివర 69 డాలర్లు, లాభానికి యాభై రెట్లు పైనే. 2010 చివర 54. మధ్యలో కంపెనీ లాభం 5.4 బిలియన్ల నుంచి 16.4 బిలియన్లకు వెళ్లింది. మూడు రెట్లు! పదకొండేళ్లు పట్టుకున్నవాడికి ధరలో నష్టం.

రెండోది మన దగ్గరిది. డీమార్ట్. అది క్లబ్ కాదు, కార్డు అక్కర్లేదు, కానీ పద్ధతిలో దగ్గరి చుట్టమే: తక్కువ ధర, తక్కువ హంగు, సరుకు వేగంగా కదలాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో మీ ఇళ్లలోవాళ్లు వెళ్తారు, మీకు తెలుసు. 2017 మార్చిలో 299 రూపాయలకు ఐపీఓ వచ్చింది, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మారు. లిస్ట్ అయిన రోజే రెట్టింపు. 2021 అక్టోబర్‌లో 5,900 దాకా ఎక్కింది. పీఈ రెండు వందలకు పైన. ఆ 2022 ఆర్థిక సంవత్సరంలో లాభం 1,492 కోట్లు, 2025లో 2,707 కోట్లు. లాభం ఎనభై శాతం పెరిగింది. షేర్? నాలుగేళ్ల తర్వాత నాలుగు వేల చిల్లర. మా తోడికోడలు 2021 దసరాకి కొన్నది. ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, "అక్కా, ఎప్పుడు చూసినా బిల్లింగ్ దగ్గర లైన్ గేటు దాకా ఉంటుంది, మరి షేర్ ఎందుకు పెరగదు?" అని. లైన్ ఉందనే కదమ్మా నువ్వు అంత పెట్టి కొన్నది.

*నా తప్పు*

ఇంతసేపు మీకు ఉపదేశాలిచ్చాను కదా, ఇప్పుడు నా సంగతి వినండి. 2019 సెప్టెంబర్‌లో నా దగ్గర కాస్ట్‌కో షేర్లున్నాయి. ధర 290 దగ్గర. షేర్‌కి లాభం 8 డాలర్ల 26 సెంట్లు. 35 రెట్లు. ఇదే లెక్క వేశాను, ఇలాంటి కాగితం మీదే. చాలా ఖరీదు అని అమ్మేశాను. ఇప్పుడెంతో చెప్పాలా? మా వారు ఇప్పటికీ కాస్ట్‌కో పార్కింగ్‌లో కారు ఆపిన ప్రతిసారీ చెప్తారు. వెనక కూర్చున్నారు, చూడండి నవ్వుతున్నారు.

ఎక్కడ తప్పాను? నేను పెరుగుదల ఎనిమిది శాతం వేశాను. వచ్చింది పద్నాలుగు. కోవిడ్ వచ్చింది, జనం ఎగబడ్డారు, సరే. కానీ అది ఒక్కటే కారణం కాదు. కొత్త సభ్యులు చేరుతూనే ఉన్నారు, 130 డాలర్ల ఎగ్జిక్యూటివ్ కార్డువాళ్లే ఇప్పుడు అమ్మకాల్లో నాలుగింట మూడు వంతులు కొంటున్నారు. బయటి దేశాల్లో కొట్లు బాగా నడుస్తున్నాయి. 2019లో షాంఘైలో మొదటి కొట్టు తెరిచిన రోజు జనం తాకిడికి మధ్యాహ్నమే మూసేశారు. ఆ వార్త చదివి కూడా నేను అంకె మార్చలేదు. 290 నుంచి 900కి మూడు రెట్లు పెరిగితే, అందులో 2.2 రెట్లు అసలు లాభం పెరగడం వల్లే. ధర గురించి నేను జాగ్రత్తపడ్డాను, కొట్టుని తక్కువ అంచనా వేశాను. వారెన్ బఫెట్ భాగస్వామి చార్లీ మంగర్ 1997 నుంచి 2023లో పోయేదాకా కాస్ట్‌కో బోర్డులో ఉన్నాడు. ఆయన సొంత పెట్టుబడి కంపెనీ బెర్క్‌షైరే 2020లో తన దగ్గరున్న కాస్ట్‌కో షేర్లు అమ్మేసింది. కాబట్టి నేను ఒక్కదాన్నే కాదు అని చెప్పుకుంటూ ఉంటాను.

మరి ఇప్పుడు కూడా తప్పుతానేమో? తప్పొచ్చు. అందుకే తొమ్మిది బదులు పన్నెండు శాతం వేసి కూడా చూశాను. పదేళ్లకు లాభం 56 డాలర్లు. 35 రెట్లు ఇస్తే ఏడాదికి ఎనిమిది శాతం. ఫర్వాలేదు. పాతిక రెట్లే ఇస్తే నాలుగున్నర. అంటే 2019లో నేను చేసిన తప్పుని ఈసారి నాకు అనుకూలంగా సరిదిద్దుకున్నా, మహా అయితే ఓ మోస్తరు. 35 రెట్ల దగ్గర తప్పు జరిగితే పెరుగుదల ఆదుకుంటుంది. యాభై దగ్గర ఆదుకోవడానికి చోటు తక్కువ.

మిగతా క్లబ్బులు త్వరగా చెప్పేస్తాను. శామ్స్ విడిగా దొరకదు, వాల్‌మార్ట్ మొత్తం కొనాలి. బీజేస్ 2011లో ప్రైవేట్ చేతుల్లోకి వెళ్లి 2018లో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. తూర్పు తీరంలోనే ఎక్కువ. రకాలు ఎక్కువ పెడతారు, కూపన్లు తీసుకుంటారు, రెన్యూవల్ తొంభై శాతం. పీఈ ఇరవై చిల్లర. కొట్టు కాస్ట్‌కో అంత గట్టిది కాదు, అప్పు ఉంది. కానీ ధర సగం కంటే తక్కువ. కోక్ వద్దన్న మనిషి ముందు ఈ రెండూ పెడితే ఏది ముందు చేతిలోకి తీసుకుని చూస్తాడు? నేనైతే బీజేస్ కాగితాలు ఇంకా చదువుతున్నాను, ఇంకా కొనలేదు.

"మరి ఏ ధరకు కొంటారు మేడమ్?" ఎవరది? ఆ, మీరు. అడిగారు కాబట్టి చెప్తాను, ఇది నా ఒక్కదాని లెక్క. పది శాతం పెరుగుదల, పదేళ్ల తర్వాత ముప్పై రెట్లు అనుకుంటే, డివిడెండ్‌తో కలిపి నాకు ఏడాదికి తొమ్మిది శాతం దగ్గర రావాలంటే 650 దగ్గర దొరకాలి. దొరుకుతుందా? ఏమో. 2000 సంవత్సరంలో 60 డాలర్ల దాకా వెళ్లిన ఇదే షేర్ ఆ ఏడాదే సగానికి పడింది. మళ్లీ అరవై చూడటానికి ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ కొట్ల ముందు లైన్లు తగ్గలేదు.

"ఇప్పటికే ఉన్నవాళ్లు అమ్మేయాలా?" అది నన్ను అడగకండి, నేను అమ్మిన సంగతి ఇప్పుడే విన్నారుగా! నిజంగా చెప్పాలంటే, 140కి కొన్నవాళ్ల లెక్క వేరు. అమ్మితే పన్ను పోతుంది, ఆ మిగిలినది ఎక్కడ పెడతారో చూసుకోవాలి. ఇవాళ 900 పెట్టి కొత్తగా కొనేవాళ్ల లెక్క వేరు. నేను ఇప్పటిదాకా వేసింది ఈ రెండోవాళ్ల కోసం.

తలుపు దగ్గర బల్ల మీద కాగితాలు పెట్టాను. మూడే గళ్లు: ఏడాదికి ఎంత పెరుగుతుంది, పదేళ్లకు ఎన్ని రెట్లు ఇస్తారు, ఇవాళ ధర ఎంత. నా అంకెలు రాయలేదు, ఖాళీగానే ఉంచాను. పెన్సిళ్లు కూడా ఉన్నాయి, కర్క్‌లాండ్‌వి కావు. టీ తాగుతూ నింపండి, తర్వాత ఎవరి అంకె ఎందుకో మాట్లాడుకుందాం.